తెల్లవారుజాము పనిముట్టు: సియెరా మంచులో మైక్రోస్పైక్స్‌ను ఎంతవరకు నమ్మొచ్చు

అమెరికా పడమటి కొండల మీదుగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే కాలిబాట మీద మెక్సికో సరిహద్దు నుంచి ఉత్తరంగా నడిచేవాళ్ళకు 700 మైళ్ళు దాటాక, కెన్నెడీ మెడోస్ దగ్గర ఎడారి అయిపోయి సియెరా నెవాడా కొండలు మొదలవుతాయి. జులైలో వచ్చేవాళ్ళకు అది రాళ్ళ బాట. మే నెలలోనో జూన్ మొదటి వారాల్లోనో వచ్చేవాళ్ళకు మాత్రం పదివేల అడుగుల పైన బాట అనేదే కనపడదు. ఉన్నదల్లా మంచు, ముందు వెళ్ళినవాళ్ళ అడుగుజాడలు, ఫోన్‌లో మ్యాపు.

ఆ మంచు మీద పట్టు కోసం బూటు అడుగున తగిలించుకునే గొలుసు పళ్ళే మైక్రోస్పైక్స్. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కు చెందిన కహ్‌టూలా కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న పేరిది. ఇప్పుడు ఎవరు చేసినవాటినైనా అదే పేరుతో పిలుస్తున్నారు. ఇక్కడ రాస్తున్నది ఆ అసలు రకం గురించి. పోలిక కోసం ఇంకో రెండు మూడు రకాలు కూడా వస్తాయి.

తీర్పు ముందే చెప్పేస్తే, సీజన్ మొదట్లో సియెరాలోకి వెళ్ళేవాళ్ళు కొనదగ్గ వస్తువే. అయితే దీనికి పని రోజులో ఆరేడు గంటలే, అదీ తెల్లవారుజాము నుంచి పొద్దెక్కే దాకా. మిగతా టైమంతా సంచిలో బరువు. ఆ ఆరేడు గంటల్లో కూడా వాలు ఒక స్థాయి దాటితే ఇవి చాలవు. ఈ రెండు హద్దులూ తెలియకుండా కొన్నవాళ్ళే తర్వాత "దండగ" అనో, "ఇవి కాళ్ళకుంటే ఇంకేం అక్కర్లేదు" అనో రాస్తుంటారు. మొదటి మాటతో పోయేది డబ్బే. రెండో మాట నమ్మితే ప్రాణం మీదకొస్తుంది.

వస్తువు సంగతి. బూటు చుట్టూ సాగే రబ్బరు పట్టీ, దాని నుంచి అడుగుకు వచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసులు, గొలుసుల మధ్య చిన్న పలకలు, పలకలకు పళ్ళు. ఒక్కో కాలికి 12 పళ్ళు, ఒక్కోటి సెంటీమీటరుకు కాస్త తక్కువ పొడవు. ఎం సైజు జత సుమారు 340 గ్రాములు. అమెరికాలో ధర 80 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. స్క్రూలు లేవు, బకిల్స్ లేవు, బిగించుకోవలసిన కొలతలు లేవు. లాగి తొడగడమే.

ఈ సాదాతనమే దీని అసలు బలం. 2,650 మైళ్ళ దారి నడిచేవాళ్ళలో ఎక్కువమంది కాళ్ళకు ఉండేవి ట్రెయిల్ రన్నర్లు, అంటే చేత్తో పట్టుకుని మడిస్తే మడత పడే మెత్తటి బూట్లు. పర్వతారోహకులు బూటు కింద బిగించుకునే పెద్ద పళ్ళ గట్టి చట్రం, అంటే క్రాంపాన్, వీటికి సరిగా కూర్చోదు. అడుగు వంగినప్పుడు బూటు వంగుతుంది, క్రాంపాన్ వంగదు. దాంతో పట్టీలు వదులై ఊడొస్తుంది. గొలుసులు మాత్రం బూటు ఎటు వంగితే అటు వంగుతాయి. గంటలో నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు తొడిగినా ప్రతిసారీ అర నిమిషంలో పని అయిపోతుంది. మంచు, రాయి, మళ్ళీ మంచు అన్నట్టుండే దారిలో ఇది చిన్న సదుపాయం కాదు. తొడగడం నానా తంటా అయితే జనం బద్ధకించి అవసరమైన చోటే తొడగరు.

ఇక టైము సంగతి. మే, జూన్ నెలల్లో సియెరా మంచు రోజూ పగలు కరిగి రోజూ రాత్రి గడ్డకడుతుంది. నడక మొత్తం ఈ చక్రం చుట్టూనే తిరుగుతుంది. రాత్రి రెండున్నర, మూడింటికి లేవడం, మూడున్నర, నాలుగింటికి హెడ్‌ల్యాంప్ వెలుతురులో బయల్దేరడం, ఎనిమిది, తొమ్మిది లోపు పాసు (కొండల వరసను దాటే కనుమ) పైకి చేరడం, పదకొండుకల్లా అవతలి వైపు చెట్ల దాకా దిగిపోవడం. మధ్యాహ్నం రెండు మూడింటికి ఎక్కడైనా మంచు లేని నేల దొరికితే అక్కడ ఆగిపోయి, బూట్లు, సాక్సులు ఎండలో పరిచి, తినేసి, ఇంకా వెలుతురు ఉండగానే పడుకోవడం. ఎడారిలో రోజుకు 20, 25 మైళ్ళు నడిచినవాళ్ళే ఇక్కడ 10, 12 మైళ్ళు నడిస్తే అదే పదివేలు అనుకుంటారు.

మంచు గట్టిపడిందా లేదా అన్నది థర్మామీటర్ ఒక్కటే చెప్పదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు కమ్మిన రాత్రి ఆ వేడిలో చాలా భాగం మబ్బు నుంచి తిరిగి కిందికొస్తుంది. గాలి చల్లగానే ఉన్నా తెల్లారేసరికి పైన పలచటి పొర, కింద చిత్తడి. అందుకే పడుకునే ముందు ఒకసారి తల బయటపెట్టి చుక్కలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడం మంచి అలవాటు. చుక్కలు లేని రాత్రయితే మర్నాటి పాసు మీద పెద్ద ఆశలు పెట్టుకోకూడదు.

పొద్దున స్పైక్స్ తొడగాలా వద్దా తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మంచు మీద నిలబడి మడమతో గట్టిగా ఒక తన్ను తన్నాలి. ఒకటి రెండు సెంటీమీటర్లు దిగితే స్పైక్స్‌కు అంతకంటే మంచి మంచు ఉండదు. చీలమండ దాకా దిగితే ఉత్త బూటే అడుగులు తొలుచుకుంటుంది, ఇవి అక్కర్లేదు. మోకాలి కిందిదాకా దిగితే ఆ దారికి టైము దాటిపోయింది. అసలు గుర్తే పడకపోతే, అంటే గాజులా ఉంటే, చదును మీద స్పైక్స్ పర్వాలేదు గానీ వాలు మీద క్రాంపాన్లు కావాలి.

తొడగడంలో జరిగే పొరపాట్లు కొన్ని. ముందు బూటు ముక్కును రబ్బరు ముందు భాగంలోకి పూర్తిగా దూర్చాలి. తర్వాత మడమ దగ్గరి చెవి పట్టుకుని వెనక్కీ పైకీ ఒకేసారి లాగాలి. ఆపైన కాలెత్తి అడుగు చూసుకోవాలి. గొలుసులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా, ఏదైనా మెలిక పడిందా, మడమ పలక సరిగ్గా మడమ కిందే ఉందా? మెలిక పడిన గొలుసు నడుస్తుంటే తెలియదు. అడ్డవాలు మీద కాలు బరువు పడ్డప్పుడే తెలుస్తుంది. ఇంకో మాట, ఎక్కడ తొడుగుతున్నారన్నది కూడా ముఖ్యమే. వాలు మొదలవకముందే, చదునైన చోట, సంచి మీద కూర్చుని తొడగాలి. వాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి రబ్బరు లాగడం కంటే తెలివితక్కువ పని ఈ దారిలో ఇంకోటి లేదు.

సైజు పాదానికి కాదు, బూటుకు చూడాలి. ఏడొందల మైళ్ళు నడిచేసరికి చాలామందికి పాదాలు ఒక సైజు పెరుగుతాయి, కొత్త బూటు వెడల్పైనది కొంటారు. పాత బూటుకు కొన్న స్పైక్స్ దానికి బిగుతు. బిగుతైన రబ్బరు మెత్తటి బూటును ముందువైపు నొక్కేసి వేళ్ళకు రక్తం అందనివ్వదు. తెల్లవారుజామున వేళ్ళు తిమ్మిరెక్కితే చలి అనుకుంటారు గానీ చాలాసార్లు కారణం ఈ బిగుతే. మరీ వదులైతే ఇంకో బాధ, పక్కకి జరిగిపోతాయి. రెండు సైజుల మధ్య ఊగుతుంటే కెన్నెడీ మెడోస్‌లో వాడబోయే బూటు మీద తొడిగి చూసి తేల్చుకోవడమే దారి.

నడకలో అడుగు వేసే తీరు మార్చుకోవాలి. ఉత్త బూటుతో మంచు వాలు మీద అంచును గుచ్చుతూ నడుస్తాం. స్పైక్స్‌తో అలా నడిస్తే లోపలి వైపు నాలుగైదు పళ్ళే దిగుతాయి, మిగతావి గాల్లో ఉంటాయి. పాదాన్ని వాలుకు సమాంతరంగా, అడుగంతా ఆనేలా పెట్టాలి. చీలమండ వంగి నొప్పి పుడుతుంది, నిజమే, కానీ 12 పళ్ళూ పనిచేసేది అప్పుడే.

వీటి మొదటి పెద్ద బలహీనత కూడా ఇక్కడే బయటపడుతుంది. ఎదురెక్కేటప్పుడు, నేరుగా దిగేటప్పుడు ఇవి బాగా పడతాయి. అడ్డంగా దాటేటప్పుడు ఒంటి బరువు పక్కకి పడి రబ్బరు సాగుతుంది. పలకలు బూటు అడుగు నుంచి పక్కకి జరుగుతాయి, పాదం వాటి మీద నుంచి కిందివైపుకు జారుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే అంత జరుగుతాయి. ఇందులో తయారీ లోపమేమీ లేదు. రబ్బరుతో బిగించిన ఏ సరుకైనా ఇంతే. మెత్తటి బూటుకు సరిపోయే గుణం, పక్కకి జరిగే గుణం ఒకే చోటి నుంచి వస్తున్నాయి.

హద్దు ఎక్కడ? సుమారు 25 డిగ్రీల వాలు దాకా, మంచు గట్టిగా ఉన్నా, స్పైక్స్‌తో నింపాదిగా వెళ్ళొచ్చు. 30 దాటితే, అందులోనూ కింద రాళ్ళో గడ్డకట్టిన సరస్సో ఉంటే, ఇవి చాలవు. కంటితో వాలు అంచనా వేయడం దాదాపు అందరికీ తప్పుతుంది. చేతిలోని రెండు కర్రలతోనే కొలవొచ్చు. రెండు ట్రెకింగ్ పోల్స్‌నూ ఒకే పొడవుకు పెట్టి, ఒకదాన్ని మంచు మీద నిటారుగా నిలబెట్టాలి. దాని సరిగ్గా సగం ఎత్తు నుంచి రెండోదాన్ని కొండవైపుకు అడ్డంగా, నేలకు సమాంతరంగా చాచాలి. దాని కొన మంచుకు సరిగ్గా తగిలితే వాలు దాదాపు 27 డిగ్రీలు. కొన చేరకముందే కర్ర మంచులో దిగిపోతోందంటే వాలు అంతకంటే నిటారు. కొన గాల్లోనే ఉంటే తక్కువ. అర నిమిషం పని. ముందు రోజు సాయంత్రమే మ్యాపులో వాలు రంగులు చూసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే తెల్లవారుజామున హెడ్‌ల్యాంప్ వెలుతురులో ఏ వాలైనా చదునుగానే కనిపిస్తుంది.

ఈ కొలత పాసుల మీద ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఫారెస్టర్ పాస్ 13,100 అడుగులు దాటుతుంది, ఈ ట్రెయిల్ మొత్తంలో ఇదే ఎత్తైన చోటు. దక్షిణం నుంచి వెళ్తే కింద మైళ్ళ కొద్దీ మెల్లగా ఎక్కే మంచు మైదానం ఉంటుంది, స్పైక్స్‌కు అది రాజమార్గం. పైన చివరి కొన్ని వందల అడుగులు నిటారు రాతి ముఖం, దాని మీద వంకరలు తిరిగే బాట. పాసుకు కాస్త కింద మంచు నిండిన ఒక ఇరుకు, నిటారు గాడి అడ్డం వస్తుంది. దాటాల్సింది కొద్ది అడుగులే, కింద జారుడు మాత్రం వందల అడుగులు. ముందు వెళ్ళినవాళ్ళు తొలిచిన అడుగులు ఉంటే స్పైక్స్, చేతిలో ఐస్ యాక్స్‌తో (మంచులో గుచ్చే చిన్న గొడ్డలి) చాలామంది దాటుతారు. అడుగులు లేకుండా, రాత్రి గడ్డకట్టిన మంచు మీద మొదటగా దాటేవాళ్ళకు మాత్రం ఇవి తగిన సరుకు కాదు.

గ్లెన్ పాస్ ఉత్తరం వైపు దిగుడు నిటారు, పైగా నీడ. దక్షిణం వైపు ఎండకు మెత్తబడ్డాక కూడా ఉత్తరం వైపు రాయిలా ఉంటుంది. ఉత్తరానికి నడిచేవాళ్ళు ప్రతి పాసునూ ఎక్కేది దక్షిణం నుంచి, దిగేది ఉత్తరం వైపుకు. అంటే పైకి చేరాక మంచు మెత్తగా ఉందని స్పైక్స్ తీసేయడం తొందరపాటే అవుతుంది. అవతలి వైపు నాలుగడుగులు వేసి చూసి తీయాలి. మేథర్ పాస్‌కు దక్షిణం వైపు చివరి గోడ కూడా ఫారెస్టర్ లాంటిదే. బాట అడ్డంగా వెళ్తుంది గానీ, బాట మంచు కింద పోయినప్పుడు నేరుగా పైకి, మెట్లు తొక్కినట్టు ఎక్కడమే నయం. ఎదురెక్కినప్పుడు ఇవి జరగవు, అడ్డంగా వెళ్తే జరుగుతాయి.

మ్యూర్ పాస్ వేరే రకం. పాసు పైన 1930లో సియెరా క్లబ్ అనే పర్యావరణ సంఘం కట్టిన రాతి గుడిసె ఉంటుంది. వాలు పెద్దగా ఉండదు, కానీ మంచు రెండు వైపులా మైళ్ళ కొద్దీ సాగుతుంది. ఇక్కడ స్పైక్స్‌ను ఓడించేది టైమే. ఆలస్యంగా బయల్దేరితే గుడిసె చేరేసరికి ఎండ ఎక్కేసి, అవతల మైళ్ళ కొద్దీ చిత్తడిలో మోకాళ్ళ లోతు దిగబడుతూ నడవాలి. దక్షిణం వైపు వాగు మంచు కిందే పారుతుంటుంది. పైన మంచు కప్పు ఎంత మందమో తెలియదు. కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తుంటే ఆ మీదుగా పోకూడదు. దీనికి స్పైక్స్ ఏ సాయమూ చేయలేవు.

ఐస్ యాక్స్ మాట ఇప్పటికే వచ్చింది. స్పైక్స్ జారకుండా చూస్తాయి, జారాక ఆపలేవు. ఆపేది యాక్సే, అదీ వాడటం ముందే నేర్చుకుంటేనే. వాలు మీద దాన్ని కొండవైపు చేతిలో పట్టుకోవాలి, సంచికి కట్టేసి కాదు. జారుతున్నప్పుడు బోర్లా తిరిగి యాక్స్ ముక్కును మంచులో దింపాలి. ఆ క్షణంలో కాళ్ళకు పళ్ళు ఉంటే మోకాళ్ళు వంచి పాదాలు పైకెత్తి ఉంచాలి. పళ్ళు మంచులో తగులుకున్నాయంటే మనిషి వెనక్కి పల్టీ కొడతాడు.

దీనికి తోబుట్టువు లాంటి నియమం ఇంకోటి ఉంది, దీన్ని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. పాసు అవతల కూర్చుని జారుతూ దిగడం సరదాగా ఉంటుంది, గంట నడక పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ స్పైక్స్ కాళ్ళకు ఉండగా ఎప్పుడూ జారకూడదు. వేగంలో ఒక్క పన్ను తగులుకుంటే చీలమండో కాలి ఎముకో విరుగుతుంది, దగ్గర్లోని రోడ్డు ఒకటి రెండు రోజుల నడక దూరంలో ఉంటుంది. ముందు స్పైక్స్ తీసి సంచిలో పెట్టడం, తర్వాత వాలు చివర ఎక్కడ ఆగుతుందో కంటితో చూసుకోవడం, ఆ తర్వాతే జారడం. వాలు చివర కనపడకపోతే నడిచే దిగాలి.

పది గంటలు దాటాక కథ మారుతుంది. తడి మంచు గొలుసుల మధ్య ముద్ద కడుతుంది. నాలుగడుగులకొకసారి కాలి కింద ఇటుకంత గడ్డ పేరుకుని, పళ్ళు మంచుకు అందకుండా పోతాయి. అప్పుడు స్పైక్స్ ఉండి కూడా లేనట్టే. కర్రతో బూటు పక్కన ఒక దెబ్బ వేస్తే రాలుతుంది, మళ్ళీ నాలుగడుగులకు మామూలే. ముద్ద కట్టడం మొదలైందంటే తీసేయమని మంచే చెబుతోందన్నమాట.

తీయకుండా నడిస్తే రెండు నష్టాలు. కాలు తొడ దాకా దిగబడి పైకి లాగేటప్పుడు రబ్బరు మడమ దగ్గర ఊడి, స్పైక్ ఆ గుంతలోనే ఉండిపోతుంది. పది నిమిషాల తర్వాత ఒక కాలు జారుతుంటే తెలుస్తుంది, అప్పటికి వెనక వంద గుంతలు. కాబట్టి దిగబడే చోట ప్రతి పెద్ద గుంత తర్వాతా కిందికి చూసుకోవాలి. ముందు పట్టీ మీదుగా సన్నని తాడు ఒకటి అడ్డంగా కట్టుకుంటే కొంత నయం. రెండో నష్టం, దిగబడ్డ కాలిని గాభరాగా లాగుతుంటే దాని పళ్ళు రెండో కాలి పిక్కను గీరేస్తాయి. బండరాళ్ళ చుట్టూ, చెట్ల మొదళ్ళ చుట్టూ మంచు లోపల బోలుగా ఉంటుంది, ఎందుకంటే ముదురు రంగు రాయి ఎండకు వేడెక్కి చుట్టూ కరిగిస్తుంది. పైకి చదునుగా కనిపిస్తున్నా మనిషి పొడవంత దూరం వదిలి చుట్టూ తిరిగి వెళ్ళడం మేలు.

వాగుల దగ్గర కూడా టైమే లెక్క. పగటి ఎండకు కరిగిన నీరు సాయంత్రానికి వాగుల్లోకి చేరుతుంది. ఎవల్యూషన్ క్రీక్, బేర్ క్రీక్ లాంటివి సాయంత్రం ఉన్నంత ఉధృతంగా తెల్లారి ఉండవు. ఇవతలే పడుకుని తెల్లవారుజామున దాటడం పద్ధతి. ఆ టైములో దుంగల మీద పేరుకున్న మంచు పొర మీద స్పైక్స్ బాగా పడతాయి. నీళ్ళలోని నున్నటి రాళ్ళ మీద మాత్రం ఇనుము జారుతుంది, తీసేసి ఉత్త బూట్లతో దిగాలి. దిగేముందు సంచి నడుము పట్టీ విప్పడం ఎలాగూ తప్పదు.

మన్నిక గురించి. పళ్ళను అరగదీసేది మంచు కాదు, రాయి. సియెరా గ్రానైట్ మీద ఇరవై అడుగులే కదా అని తీయకుండా నడవడం వల్లే కొనలు మొండివి అవుతాయి. మొండి పళ్ళు మెత్తటి మంచులో తెలియవు, గట్టి మంచు మీద మోసం చేస్తాయి. పదును పెట్టాలంటే చేతి ఆకురాయి చాలు, పన్ను అసలు ఆకారం మారకుండా అంచుల మీదే. గ్రైండింగ్ మిషన్ పెడితే వేడికి ఉక్కు మెత్తబడుతుంది. రబ్బరు సాధారణంగా గొలుసు తగులుకునే కంతల దగ్గర చిరగడం మొదలవుతుంది. చిన్న చీలిక కనిపించిన రోజే పని పట్టాలి. సంచిలో నాలుగైదు జిప్ టైలు, కొంచెం సన్నని తాడు ఉంటే గొలుసును పక్క కంతకు కట్టి రెండు మూడు రోజులు నెట్టుకురావొచ్చు. గొలుసు కడియం తెగితే తాళంచెవుల రింగు సరిపోతుంది.

పోలికకు వస్తే, హిల్‌సౌండ్ కంపెనీ ట్రెయిల్ క్రాంపాన్ ఉంది. కాలికి 11 పళ్ళు, ఒక్కోటి ఒకటిన్నర సెంటీమీటర్లకు పైనే, పాదం మీదుగా వెల్క్రో పట్టీ ఉంటుంది. పట్టీ వల్ల పక్కకి జరగడం, దిగబడినప్పుడు ఊడటం తక్కువ. బరువు కాస్త ఎక్కువ. మంచు ఎక్కువున్న ఏడాది సియెరా కోసమే కొంటుంటే దీన్ని ముందు చూడమనే నా సలహా. మంచు, రాయి కలగలిసిన మామూలు ఏడాదికి కహ్‌టూలావే సుఖం. నిటారు వాలుల కోసం కహ్‌టూలాదే కే10 ఉంది. 10 పెద్ద పళ్ళు, మధ్యలో వంగే పట్టీ, ట్రెయిల్ రన్నర్లకు కూడా బిగుస్తుంది. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో, ముందు అడుగుజాడలు లేకుండా వెళ్ళేవాళ్ళు స్పైక్స్ బదులు అలాంటివి తీసుకోవడం న్యాయం. అల్యూమినియం క్రాంపాన్లు తేలికే గానీ రాయి తగిలితే త్వరగా మొండివవుతాయి.

కొనేటప్పుడు పేరు పట్టి చూసుకోండి. అదే కంపెనీ నానోస్పైక్స్ అని ఇంకోటి అమ్ముతుంది, అవి మంచు పట్టిన రోడ్ల మీద నడకకు, పరుగుకు. పాసు మీద వాటికి పనేం లేదు. పేరు లేని చవక రకాల్లో గొలుసు కడియాలు అతుకు వేయకుండా ఉత్తగా వంచి వదిలేస్తారు. బరువు పడితే అవి విచ్చుకుంటాయి. ఒక్కో కడియం చూసి, సందు కనిపిస్తే వదిలేయడం మంచిది.

క్యాంపులో వీటి చోటు టెంటు బయటే, లేదా మందపాటి గుడ్డ సంచిలో. గాలి పరుపు మీద ఒక్కసారి పడితే ఆ రాత్రి నిద్ర అయిపోయినట్టే. సంచి ముందు వల జేబులో అలాగే దూర్చితే వారంలో వల చిరుగుతుంది. తడి బూట్లు రాత్రి బయట వదిలితే తెల్లారేసరికి చెక్కలా బిగుస్తాయి, లేసులు విప్పుకోవు, స్పైక్స్ కూడా సరిగా కూర్చోవు. అందుకే లేసులు బాగా వదులుగా లాగి, నోరు తెరిచి పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుంటారు. నీటి ఫిల్టర్ అయితే స్లీపింగ్ బ్యాగ్ లోపలే ఉండాలి. లోపలి సన్నని గొట్టాల్లో నీరు గడ్డకడితే అవి చిట్లుతాయి, పైకి ఏ తేడా కనపడదు, క్రిములు మాత్రం వడకట్టకుండా వచ్చేస్తాయి.

రోజుకు 10 మైళ్ళే నడుస్తాం కాబట్టి తిండి లెక్క కూడా మారుతుంది. కెన్నెడీ మెడోస్ నుంచి కియర్‌సార్జ్ పాస్ మీదుగా బయటికి దిగే దాకా తొంభై మైళ్ళ పైచిలుకు. అంటే ఎనిమిది, తొమ్మిది రోజుల తిండి. ఎలుగుబంట్లకు తిండి అందకుండా తప్పనిసరిగా మోయాల్సిన గట్టి డబ్బాలో, 11.5 లీటర్ల బేర్‌వాల్ట్ రకమైనా సరే, అది పట్టడం కష్టం. మొదటి ఒకటి రెండు రోజుల తిండి బయట పెట్టుకుని, డబ్బా నిబంధన ఉన్న ప్రాంతం చేరేలోపే దాన్ని తినేసేలా చూసుకుంటారు.

ఎంతకాలం మోయాలన్నది ఏడాదిని బట్టి. 2023 ఏప్రిల్ 3న కాలిఫోర్నియా మంచు నిల్వ ఆ తేదీ సగటులో 237 శాతం ఉంది. అలాంటి ఏడాది జూన్‌లో కూడా స్పైక్స్ ఒక్కటే పెట్టుకుని ఫారెస్టర్ ఎక్కడం ఆలోచించాల్సిన పనే. తక్కువ మంచు పడ్డ ఏడాది జూన్ మధ్యకు వెళ్ళేవాళ్ళకు అవి మూడు నాలుగు పాసుల ఉత్తర వాలుల మీద తప్ప సంచిలోంచి బయటికి రావు. ఏ ఏడాదైనా సోనోరా పాస్ రోడ్డు చేరేదాకా వదలకూడదు. ఆ రోడ్డుకు దక్షిణాన గట్టు మీది వాలులు చాలా పాసుల కంటే కఠినమైనవి, సియెరా అయిపోయిందనుకుని ముందే పోస్టులో ఇంటికి పంపేసినవాళ్ళు అక్కడే ఇరుక్కుంటారు. పంపేముందు కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కొనలకు ఓ చుక్క నూనె రాసి కట్టండి. స్టెయిన్‌లెస్ అయినా తడితో డబ్బాలో నెలల తరబడి ఉంటే తుప్పు మరకలు పడతాయి.